గన్నవరం నుంచి కడపకి ఎంత దూరం?

విజయవాడ (గన్నవరం), కడప విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని హేవర్సైన్ సూత్రంలో పడేస్తే సుమారు 312 కిలోమీటర్లు వస్తుంది. ఏటీఆర్ విమానం గంటకి 500 కిలోమీటర్లు పోతుందనుకుంటే నలభై నిమిషాల లోపే. ఎక్కడం, దిగడం కలుపుకున్నా గంట. నాలుగు లైన్ల కోడ్. కాకపోతే అందులో మన తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్ళ ప్రయాణం లేదు.

ఈ చిన్న ఊళ్ళ విమానాలకి చరిత్ర కాస్త సరదాగానే మొదలైంది. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ హైదరాబాదు నుంచి విజయవాడకి తొలి విమానం వేసింది. వెంకయ్యనాయుడు గారు వగైరా పెద్దలంతా ఎక్కి కూర్చున్నాక, ఇంకా గాల్లోకి లేవకముందే ఇంజన్లో మంటలు! ఎవరికీ ఏమీ కాలేదు లెండి. 2015లో కడప విమానాశ్రయాన్ని కొత్తగా తెరిచారు. 2016లో కేంద్రం ఉడాన్ పథకం తెచ్చింది. 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి ఉడాన్ సర్వీసుల్లో కడప-హైదరాబాదు ఒకటి. 2018లో ట్రూజెట్ విజయవాడ-కడప కూడా కలిపింది. 2022లో ఆ కంపెనీ విమానాలే ఆగిపోయాయి, అది వేరే కథ.

ఉడాన్ మొదటి లెక్క ఏంటంటే, సుమారు 500 కిలోమీటర్లు, అంటే గంట ప్రయాణానికి 2,500 రూపాయలు, అదీ దాదాపు సగం సీట్లకి. తేడా సొమ్ము ప్రభుత్వం పూడుస్తుంది. దూరమైనా, గంటైనా రన్‌వే నుంచి రన్‌వేకే కొలిచారు.

ఇప్పుడు బాపట్ల చూడండి. అక్కణ్ణుంచి కడప, కాకి లెక్కన 240 కిలోమీటర్లు, నైరుతి దిక్కున. విమానం కోసం ముందు ఈశాన్యంగా 78 కిలోమీటర్లు వెనక్కి పోవాలి. తెనాలిది ఇంకా విడ్డూరం. గన్నవరం నుంచి కడపకి తిన్నగా గీత గీస్తే అది తెనాలికి పది కిలోమీటర్ల దగ్గర్లోంచి పోతుంది. అంటే మీరు పొద్దున్నే లేచి, బెజవాడ ట్రాఫిక్ ఈది, చెకిన్ క్యూలో నిలబడి, చివరికి మీ ఊరి పక్కకే తిరిగొస్తారన్నమాట. ఇక రేపల్లె అయితే గన్నవరం చేరడానికే రెండు, రెండున్నర గంటలు. ఇంటి గుమ్మం నుంచి లెక్కేస్తే, కారులో ఒంగోలు మీదుగా పోయేవాడికంటే బాపట్ల ప్రయాణికుడికి మిగిలేది మహా అయితే గంటో, గంటన్నరో.

1899లో బెజవాడ-మద్రాసు రైలు మార్గం పూర్తయినప్పుడు తెనాలి, బాపట్ల దాని మీదే ఉన్నాయి. 1916లో తెనాలి నుంచి రేపల్లెకి 34 కిలోమీటర్ల కొమ్మ లైను వేశారు. రైలు ఊళ్ళోకొచ్చి ఎక్కించుకుంది. నన్నడిగితే, సబ్సిడీ డబ్బుల్లో కొంత ఆ కొమ్మ లైను రైళ్ళ వేగం మీద పెడితే ఈ మూడూళ్ళకీ ఎక్కువ నిమిషాలు కలిసొచ్చేవి.

అన్నట్టు బాపట్ల జిల్లాలో విమానం దిగలేదని అనుకోకండి. అద్దంకి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వే ఉంది. 2024 మార్చిలో వాయుసేన విమానాలు అక్కడ దిగి, లేచి వెళ్ళాయి. టికెట్లు మాత్రం అమ్మలేదు.