నాలీలో గోలీ, నడుముకు పిస్టల్

కిందటి రంజాన్ ఈద్‌కు కంబదూరు పోయినప్పుడు మా ఖాలా కొడుకు ఓ మాట అడిగాడు. వాడి దగ్గర లైసెన్స్ పిస్టల్ ఉంది. "భాయిజాన్, చొక్కా కింద పెట్టుకునేటప్పుడు ఛాంబర్‌లో గోలీ ఎక్కించే ఉంచాలా, ఖాళీగా ఉంచాలా?" నా చేతిలో షీర్ ఖుర్మా గిన్నె ఉంది. పక్కనే వాడి కూతురు ఆడుకుంటోంది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కానీ ఈ మస్లా మన ఇలాకాకు కొత్తది కాదు.

పాలెగాళ్ళ జమానాలో ఇక్కడి బంట్ల భుజాన ఉండింది తోడేదార్ బందూక్. తోడా అంటే వత్తి. నాలీలో బారూద్, గోలీ దట్టించి ఉంచినా, రంజక్ పోసే ప్యాలా మీద మూత ఉండేది, వత్తి అంటించి ఉండేది కాదు. బందూక్ నిండుగా ఉన్నా నిప్పు దూరంగా ఉండేది. వానకు వత్తి ఆరిపోతుందన్నది దాని పెద్ద ఐబు. మన కరువు సీమలో ఆ ఐబు ఎన్నిసార్లు అడ్డొచ్చి ఉంటుందో మీరే చెప్పండి! తర్వాత చక్‌మక్ బందూక్ వచ్చింది. రాయి, ఉక్కు, బారూద్ ఒకేచోట చేరాయి. ఘోడాను సగం లాగి ఆపి ఉంచే ఏర్పాటు చేశారు. ఆ మెట్టు అరిగితే అంతే సంగతులు.

1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి అప్పగించాడు. మన్రో 1807 దాకా ఇక్కడ ఉండి పాలెగాళ్ళ జోరు అణిచాడు. 1878 ఆయుధాల చట్టంతో హిందూస్తానీకి లైసెన్స్ తప్పనిసరైంది, తెల్లవాడికి మాత్రం మినహాయింపు. ఆ జుల్మ్ గురించి ఇంకోసారి రాస్తాను.

ఈలోగా ఆయుధం చిన్నదై నడుముకు చేరింది. 1873 నాటి కోల్ట్ రివాల్వర్‌లో ఆరు గోలీలు పడతాయి. కానీ ఘోడా కింద గోలీ ఉంటే, కిందపడినా పేలొచ్చు. అందుకే తెలిసినవాళ్ళు ఐదే నింపి, ఘోడా కింద ఖానా ఖాళీగా ఉంచేవాళ్ళు. పిస్టల్ సంగతి వేరు. స్లైడ్ వెనక్కి లాగి వదిలితేనే మ్యాగజైన్‌లోని గోలీ ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. ఖాళీ ఛాంబర్‌తో మోసి, అవసరమొచ్చినప్పుడే స్లైడ్ లాగే పద్ధతికి ఇజ్రాయెల్ పేరు పడిపోయింది. ఆ పేరు వినగానే మా వాడు మొహం చిట్లించాడు. ఎవరి పేరైనా కానీ, ఎహ్తియాత్ ఎహ్తియాతే కదా!

అటువైపు దలీల్ కూడా తేలికైనది కాదు. దుష్మన్ మీద పడ్డాక రెండు చేతులూ ఖాళీగా దొరుకుతాయా? స్లైడ్ లాగే క్షణం ఉంటుందా? కొత్త పిస్టళ్ళలో చాలావాటికి కిందపడినా పేలకుండా లోపల అడ్డు ఉంటుంది. సూరె నిసా 102వ ఆయత్‌లో జంగ్ నడుమ నమాజ్‌లో కూడా ఆయుధాలు దగ్గరుంచుకోమనే హుకుం ఉంది. తయారీగా ఉండటం తప్పు కాదు.

కానీ బాణాలతో మస్జిద్‌లోకి వచ్చిన మనిషిని వాటి మొనలు పట్టుకోమన్నారు మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం. ఒర లేని కత్తిని చేతికి చేయి అందించడాన్ని మనా చేశారు. ఆయుధాన్ని సాటి మనిషి వైపు చూపొద్దన్నారు, షైతాన్ చెయ్యి లాగేస్తాడేమోనని. ఈ మూడూ దుష్మన్ గురించి కాదు. బజారులో, మస్జిద్‌లో, ఇంట్లో మన పక్కనుండేవాళ్ళ గురించి.

మన జిల్లాలో భయం ఉత్తదని నేననను. 2005 జనవరి 24న అనంతపురంలో, పార్టీ ఆఫీసులోనే పరిటాల రవి ఖతల్ అయ్యారు. గన్‌మెన్ ఉన్న మనిషి ఆయన. మాటు వేసి వచ్చినవాడి ముందు మన ఛాంబర్‌లోని గోలీ ఎంత పనికొస్తుంది? ఇంట్లో పిల్ల చేతికి చిక్కితే మాత్రం అది తప్పక పనిచేస్తుంది. 2016 ఆయుధాల నియమాలు కూడా బయట తిరిగేటప్పుడు ఒరలో, పూర్తిగా కప్పి, మన అదుపులో ఉంచుకోమంటాయి.

రాత్రి వాడికి చెప్పాను: "ఛాంబర్ ఖాళీగానే ఉంచు బేటా. నీకు పగవాడి పేరు ఒక్కటి కూడా చెప్పడానికి లేదు, ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు." వాడు వాదించలేదు, ఒప్పుకోనూ లేదు. లోపలికి పోయి పిస్టల్ తెచ్చి, నేరుగా స్లైడ్ మీద చెయ్యేశాడు. ఆపాను. ముందు మ్యాగజైన్ తీయాలి, లేకపోతే ఒక గోలీ బయటపడి ఇంకోటి లోపలికెక్కుతుంది. తీశాడు. స్లైడ్ లాగాడు. ఒక గోలీ చాప మీద పడింది. ఈద్ పొద్దున నుంచీ అది నాలీలోనే ఉంది.