‘శుభం’ తరువాతి కథ: ఇద్దరు పురుషుల కాపురాన్ని చిత్రించిన జపాను బొమ్మల పుస్తకాలు

ప్రేమకథ ఎక్కడ ముగుస్తుంది? మన పాత చలనచిత్రాలలో నాయికానాయకుల మెడలలో పూలదండలు పడగానే తెరమీద ‘శుభం’ అన్న అక్షరాలు కనబడేవి. మరునాడు బియ్యం ఎవరు తెచ్చారు, ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే ఎవరు కనిపెట్టుకొని ఉన్నారు అన్న సంగతులతో ఆ కథలకు పని ఉండేది కాదు. ఆ మరునాటి సంగతులనే వస్తువుగా తీసుకొన్న ఒక కథాశాఖ జపానులో పెరిగినది. అందులో, ఒకరినొకరు ప్రేమించి జంటగా స్థిరపడిన ఇద్దరు పురుషుల జీవితాన్ని కొనసాగించి చెప్పే పుస్తకాలకు ప్రత్యేక స్థానమున్నది. ఆంగ్లానువాదాల ద్వారా, చలనచిత్రాల ద్వారా అవి మన పిల్లల ఫోనులలోకి కూడ చేరుతున్నవి. అవి ఎటువంటివో, మన కుటుంబాలకు వాటితో ఏమి సంబంధమో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

శివకాశికి బొమ్మల కథలు కొత్త కావు

బాణసంచాకు, అగ్గిపెట్టెలకు, క్యాలెండర్లకు పేరుపొందిన శివకాశి తమిళ కామిక్స్‌కు కూడ పుట్టినిల్లు వంటిది. ముత్తు కామిక్స్ 1972లో, లయన్ కామిక్స్ 1984లో ఇక్కడినుండే వెలువడనారంభించినవి. బ్రిటన్‌నుండి వచ్చిన ‘ఇరుంబుక్కై మాయావి’, ఇటలీనుండి వచ్చిన టెక్స్ విల్లర్, బెల్జియంనుండి వచ్చిన లక్కీ లూక్ మొదలైన వీరులు ఈ ఊరి అచ్చుయంత్రాల మీదనే తమిళం నేర్చుకొన్నారు. విరుదునగరం, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతాలలో ఇంట తెలుగు, బడిలో తమిళం అలవడిన మన పిల్లలకు ఆ పుస్తకాలు అందుబాటులో ఉన్నవే. అయితే అవి ప్రధానంగా సాహస కథలు. గుర్రమెక్కి దొంగలను తరిమిన వీరుని ఇంటి ఖర్చు ఎంత అని ఎవరూ అడుగలేదు.

జపాను బొమ్మల కథలను ‘మాంగా’ అంటారు. ఇవి కుడినుండి ఎడమకు చదువవలసినవి. సాధారణంగా మొదట పత్రికలలో ధారావాహికంగా వచ్చి, పిదప సంపుటాలుగా వెలువడుతవి. పిల్లలకు, యువతులకు, ఉద్యోగస్థులకు వేరువేరు పత్రికలున్నవి. కనుక మాంగా అనగానే పసిపిల్లల పుస్తకమని అనుకొనరాదు.

ఉత్తర భాగం ఎందుకు?

కథకు తరువాయి వ్రాయడం మనకు తెలియని సంగతి కాదు. పట్టాభిషేకంతో రామకథ ముగిసినదనుకొన్న తరువాత ఉత్తరకాండ మొదలవుతుంది. తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణం’ రచించినాడు. మన ప్రాంతంలోనే, కోవిల్‌పట్టి చెంత ఇడైసేవల్‌లో తెలుగు ఇంట పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ (1923–2021) ‘గోపల్ల గ్రామం’లో తెలుగువారు దక్షిణాదికి వలసవచ్చి ఊరు కట్టుకొన్న వైనం చెప్పినారు. దాని తరువాయి ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. ఊరు కట్టడం ఒక కథ, ఆ ఊరిలో తరతరాలుగా బ్రతకడం మరొక కథ. ప్రేమకు కూడ ఇదే వర్తిస్తుంది.

విషాదం నుండి కాపురం వరకు

అబ్బాయిల మధ్య ప్రేమను చిత్రించిన మాంగా 1970 దశకంలో, ముఖ్యంగా రచయిత్రుల చేతులమీదుగా రూపుదిద్దుకొన్నది. మోతో హాగియో ‘తోమా హృదయం’ (1974) ఒక బాలుని మరణంతోనే మొదలవుతుంది. కేయికో తకెమియా ‘గాలి, చెట్ల గీతం’ (1976లో ఆరంభం) కూడ విషాదాంతమే. ఆనాటి కథలలో ఇటువంటి ప్రేమకు చావో, ఎడబాటో రాసిపెట్టి ఉండేది. తరువాతి కాలంలో ‘బాయ్స్ లవ్’ అన్న పేరుతో ఈ శాఖ విస్తరించి, మనసులు కలియడంతో ముగిసే సుఖాంత కథలు బహుళమైనవి. ఆ సుఖాంతం తరువాత ఏమిటన్న ప్రశ్ననుండి కొనసాగింపు కథలు పుట్టినవి.

సహాధ్యాయులు

అసుమికో నకమురా రచించిన ‘దోక్యూసెయి’ ఇందుకు మంచి ఉదాహరణ. తోటి విద్యార్థి అని దాని అర్థం. 2008లో సంపుటంగా వచ్చినది. మగపిల్లల ఉన్నత పాఠశాలలో బృందగానానికి సాధన జరుగుతున్న రోజులలో, చదువులో మొదటివాడైన సజో, గిటారు వాయించే కుసకాబే దగ్గరవుతారు. కథ అక్కడితో ఆగలేదు. 2010లో వచ్చిన ‘సోత్సుగ్యోసెయి’ రెండు సంపుటాలు పాఠశాల విడిచే రోజులను చెప్పినవి. తరువాతి ‘ఓ.బి.’, ‘బ్లాన్’ అన్న భాగాలలో ఒకడు చదువుకై క్యోటోలో, మరొకడు సంగీతమే వృత్తిగా టోక్యోలో ఉండగా, దూరాన్ని దాటి బంధాన్ని నిలుపుకోవలసి వచ్చినది. మొదటి భాగంలో ‘నన్ను ప్రేమిస్తాడా’ అన్నది ప్రశ్న అయితే, తరువాయిలో ‘ఈ బంధం నిలుస్తుందా’ అన్నది ప్రశ్న. దీని యానిమేషన్ చిత్రం 2016 ఫిబ్రవరిలో విడుదలైనది.

‘నిన్న ఏమి తిన్నావు?’

కుటుంబ పాఠకులకు మరింత దగ్గరగా ఉండేది ఫుమి యోషినాగ రచన ‘నిన్న ఏమి తిన్నావు?’. ఇది మరొక కథకు తరువాయి కాదు గాని, మొదటి పుటనుండే తరువాయి వలె నడుస్తుంది. 2007నుండి ‘మార్నింగ్’ అనే వారపత్రికలో వస్తున్నది. ఈ పత్రిక వయోజన పురుషులకు ఉద్దేశించినది కావడం గమనార్హం. న్యాయవాది షిరో కకెయి, క్షౌరశాలలో పనిచేసే కెంజి యబుకి టోక్యోలో ఒక చిన్న వాటాలో కలిసి ఉంటారు. కథ మొదలయ్యేనాటికి ఇద్దరూ నలభై దాటినవారే. పత్రికతోపాటు వారి వయస్సు కూడ పెరుగుతూ వచ్చినది.

షిరో పొదుపరి. ఇద్దరి భోజనానికి నెలకు 25,000 యెన్‌లని లెక్క కట్టుకొని, ధర తగ్గిన కూరగాయలు చూచి కొని, సాయంకాలం తానే వండుతాడు. పుచ్చకాయ మొత్తం కొంటే ఎక్కువవుతుందని, అంగడిలో పరిచయమైన ఒక గృహిణితో చెరిసగం పంచుకొంటాడు. ఆ పరిచయం ఇరుకుటుంబాల స్నేహమవుతుంది. కెంజి తన సంగతి దాచుకొనడు. షిరో కార్యాలయంలో నోరు విప్పడు. తలిదండ్రులకు విషయం తెలిసినా, తెలియడం వేరు, మనసుకు పట్టడం వేరు. కెంజిని షిరో నూతన సంవత్సరానికి కన్నవారింటికి తీసుకొనిపోవడం, ఆ మీదట వారు అతనిని మరల తీసుకొనిరావద్దనడం, ఇద్దరి మధ్య షిరో నలిగిపోవడం ఈ కథలో కంటతడి పెట్టించే ఘట్టాలు.

ఈ మాంగాకు 2019లో కోదాన్షా పురస్కారం లభించినది. అదే సంవత్సరం టి.వి. టోక్యోలో ధారావాహికగా, 2021 నవంబరులో చలనచిత్రంగా వచ్చినది. రెండవ ధారావాహిక 2023లో ప్రసారమైనది. హిదెతోషి నిషిజిమా, సెయియో ఉచినో ప్రధాన పాత్రధారులు.

చట్టం ఎక్కడ నిలిచినది

ఈ కథలో ఒక స్నేహితుల జంట షిరో వద్దకు సలహాకు వస్తుంది. తన అనంతరం ఆస్తి అంతయు సహచరునికే చెందవలెనని అందులో ఒకని కోరిక. జపానులో దేశమంతటికీ వర్తించే స్వలింగ వివాహ చట్టం లేనందున వారు పెద్దవారి దత్తత అనే మార్గాన్ని ఆలోచిస్తారు. టోక్యోలోని షిబుయా, సెటగయా ప్రాంతాలు 2015లోను, టోక్యో మహానగర ప్రభుత్వం 2022లోను ఇటువంటి జంటలకు ధ్రువపత్రాల పద్ధతి ప్రవేశపెట్టినవి. వివాహం నిరాకరించడం రాజ్యాంగ విరుద్ధమని సప్పొరో హైకోర్టు 2024 మార్చిలో తీర్పు చెప్పినది.

మన దేశంలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు వయోజనుల పరస్పర అంగీకార సంబంధాన్ని నేరపరిధినుండి తొలగించినది. 2021 డిసెంబరులో హైదరాబాదు జంట సుప్రియో, అభయ్ బంధుమిత్రుల ఎదుట వేడుకగా ఒకటైనారు. వివాహ గుర్తింపుకై వారు వేసిన వ్యాజ్యంలో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు అట్టి వివాహహక్కు లేదనియు, అది శాసనసభల పని అనియు తేల్చినది. మద్రాసు హైకోర్టు మాత్రం 2021 జూన్‌లో ఇటువంటి జంటలను పోలీసులు వేధించరాదనియు, వైద్యం పేరిట వారిని ‘మార్చే’ ప్రయత్నాలు చేయరాదనియు ఆదేశించినది. కుటుంబం ఏర్పడుటకు వివాహమొక్కటే మార్గం కాదని 2025 మేలో అదే న్యాయస్థానం పేర్కొన్నది.

కుటుంబాలు తెలిసికొనవలసినవి

బ్యాంకు ఖాతా: స్వలింగ జంటలు ఉమ్మడి ఖాతా తెరచుటకు, సహచరుని నామినీగా పెట్టుకొనుటకు అడ్డంకి లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసినది.

రేషన్ కార్డు: సహచరులను ఒకే ఇంటివారుగా పరిగణించవలెనని కేంద్ర ఆహార శాఖ 2024లో రాష్ట్రాలకు సూచించినది.

ఆస్తి: జపాను పద్ధతి ఇక్కడ సాగదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం, ఆచారం ఉంటే తప్ప, పదునైదేండ్లు నిండినవారిని దత్తు తీసుకొనరాదు. బ్యాంకు నామినీ సొమ్ము అందుకొనవచ్చును గాని, అంతమాత్రాన వారసుడు కాడు. స్వార్జితం సహచరునికి చెందవలెనన్నచో ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా వ్రాయుట మేలు.

పుస్తకాల ఎంపిక: ‘బాయ్స్ లవ్’ పేరుతో వచ్చేవాటిలో పెద్దలకు మాత్రమే తగినవి అనేకం. అట్టపై వయోపరిమితి చూచుకొనవలెను. యోషినాగ పుస్తకంలో వంట, ఇంటి ముచ్చట్లే ప్రధానం.

కన్నవారికొక మాట

మన ఊళ్ళలో అబ్బాయికి ఇరువదియైదు దాటగానే సంబంధాలు చూడడం మొదలు. వాడు వద్దన్నప్పుడు కారణం అడిగేవారు తక్కువ, బలవంతపెట్టేవారు ఎక్కువ. అట్టి బలవంతపు పెండ్లిలో నష్టపోయేది ఒక్క కుమారుడే కాదు, ఏమీ తెలియక ఆ ఇంట అడుగుపెట్టిన పరాయి పిల్ల కూడ. షిరో తల్లి కొడుకును ఎన్నడూ వెలివేయలేదు. అయినను అతని తోడుగా ఉన్నవానికి తన పంక్తిలో పీట వేయలేకపోయినది. చివరకు ఏ ఇంట పండుగ చేసుకొనవలెనో కొడుకు తేల్చుకోవలసి వచ్చినది. ‘నిన్న ఏమి తిన్నావు?’ అన్నది మన తల్లులు దూరపు ఊళ్ళో ఉన్న బిడ్డను ఫోనులో మొదట అడిగే మాటయే. దాని వెంట ‘నీతో ఎవరు తిన్నారు?’ అని కూడ అడిగి, వచ్చిన జవాబు వినగలిగిన ఇంటికి ఆ బిడ్డ పండుగకు తప్పక వస్తాడు.