నాలుగు రిపోర్టులు, నాలుగు మాటలు

మా అక్క డైనింగ్ టేబుల్ మీద ఉప్పు డబ్బా కింద నాలుగు రిపోర్టులు ఉన్నాయి. ఫ్యాను గాలికి అంచులు లేచి పడుతున్నాయి.

"నువ్వన్నా చదివి చెప్పవే. ఒకడు కాదంటాడు, ఒకడు ఔనంటాడు, ఇంకొకడు ఏమో అంటాడు. ఇంతకీ ఈ పిల్ల చపాతీ తినొచ్చా, తినకూడదా?" అంది అక్క.

పిల్లంటే బుజ్జి. 24 ఏళ్లు. తెనాలిలో అన్నం తిని పెరిగిన మనిషి. ఉద్యోగం వచ్చి గురుగ్రామ్ వెళ్లాక పీజీ హాస్టల్లో పొద్దున పరాఠా, రాత్రి రోటీ. ఏడాది తిరిగేసరికి కడుపుబ్బరం, విరేచనాలు, నోటిపూత. ఐరన్ మాత్రలు డబ్బాలకు డబ్బాలు మింగినా హిమోగ్లోబిన్ 8 దాటలేదు. అక్కడి డాక్టరు సీలియాక్ అని, అంటే గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బని అనుమానించి పరీక్ష రాశాడు. టీటీజీ ఐజీఏ అంటారు దాన్ని. నెగెటివ్ వచ్చింది. "గోధుమ కాదు, టెన్షన్ వల్ల" అన్నాడు. అది మొదటి కాగితం.

సెలవు పెట్టి ఇంటికొచ్చింది. అన్నం, పెరుగు తిన్న నెలకే కాస్త తేరుకుంది. "నేను చెప్పలా, గోధుమే!" అని అక్క తీర్పు చెప్పేసింది. బావ ఊరుకోకుండా ఫోన్లో ఏదో ప్యాకేజీ బుక్ చేశాడు. ఒకే రక్తంతో పాతిక ముప్పై రకాల తిండి పడుతుందో లేదో చెప్తారట. వచ్చిన కాగితం నిండా ఎర్ర గీతలే: గోధుమ, పెరుగు, కోడిగుడ్డు, అరటిపండు, చివరికి కందిపప్పు కూడా. అక్క అన్నీ మానిపించింది. పిల్ల ఇంకో మూడు కిలోలు తగ్గింది. ఆ పరీక్ష చూసేది ఐజీజీ అనే యాంటీబాడీలను. తరచుగా తినే తిండికి అవి ఒంట్లో ఉండటం మామూలే. అలర్జీ వైద్యుల సంఘాలు దాన్ని వద్దని ఏనాడో చెప్పాయి. డబ్బు పోతే పోయింది, పిల్ల నోటికాడి పప్పన్నం కూడా పోయిందని నాకు ఇప్పటికీ కోపమే.

మూడోది జన్యుపరీక్ష. ఆ జబ్బుకు అవకాశమిచ్చే డీక్యూ2 అనే జన్యువు పాజిటివ్. ఆ రాత్రి అక్క ఫోన్ చేసి ఏడ్చింది, "రక్తంలోనే ఉందంటే, ఏం చేస్తాం?" అని.

నాలుగోది విజయవాడలో చేసిన ఎండోస్కోపీ. పేగు ముక్క తీసి చూస్తే మార్ష్ 1. అంటే కొద్దిపాటి వాపు. సీలియాక్ వల్ల కావచ్చు, హెలికోబాక్టర్ అనే క్రిమి వల్ల కావచ్చు, నొప్పి మాత్రల వల్లా కావచ్చు.

అందరం కలిసి హైదరాబాద్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. ఆయన రిపోర్టులు చదవలేదు. ముందు తేదీల వరసలో పేర్చి, పెన్ను క్యాప్ తీసి, "ఈ రోజుకు అమ్మాయి ఏం తింటోంది?" అని ఒక్కో కాగితానికీ అడిగాడు. మొదటిదాని మూలన 'రోటీ, రెండు పూటలా' అని రాసుకున్నాడు. నాలుగోదాని దగ్గర అక్క అందుకుంది.

"గోధుమ నాలుగు నెలలుగా ముట్టుకోలేదండీ. పొద్దున కాస్త ఉప్మా, అంతే."

"బొంబాయి రవ్వ ఏ చెట్టుకు కాసిందమ్మా?" అన్నాడాయన.

బుజ్జి తల దించుకుని నవ్వింది. అక్క మొహం చూడాలి. గోధుమంటే ఆవిడ దృష్టిలో చపాతీ, పూరీ. రవ్వ అంటే రవ్వే, సేమియా అంటే సేమియానే. గోధుమ సగం మానేసింది, పేగు సగం మానింది. అందుకే ఆ మార్ష్ 1 ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

జన్యువు కాగితాన్ని ఆయన పక్కకు జరిపేశాడు. ఆ రకం జన్యువులేవీ లేకపోతే జబ్బు లేదని దాదాపు చెప్పొచ్చుగానీ, ఉన్నంత మాత్రాన ఉన్నట్టు కాదట. ఇంటికొచ్చాక వెతికితే 2016లో వెలువడిన ఒక భారతీయ అధ్యయనం కనబడింది. ఆ జన్యువులు ఉత్తరాదిలో నూటికి 38 మందికి ఉంటే దక్షిణాదిలో 36 మందికి ఉన్నాయి. జబ్బు మాత్రం అక్కడ వందలో ఒకరికి పైగా, ఇక్కడ వెయ్యిలో ఒకరికి. తేడా కంచంలో ఉంది: వాళ్లు తినే గోధుమ రోజుకు సగటున 455 గ్రాములు, మనవాళ్లది 25. బుజ్జి తెనాలిలోనే ఉండిపోతే ఈ కాగితాలే ఉండేవి కావేమో.

"మానేస్తే తగ్గింది కదండీ, అది చాలదా?" అంది అక్క. చాలదన్నాడు. గోధుమలో గ్లూటెన్ ఒక్కటే లేదు, ఫ్రక్టాన్ అనే చక్కెర పదార్థమూ ఉంది. అది పడక గ్యాస్ పట్టేవాళ్లకూ రోటీ మానేస్తే హాయిగానే ఉంటుంది.

మిగిలింది మొదటి కాగితం. రెండు పూటలా రోటీ తింటూ ఇచ్చిన రక్తం, అయినా నెగెటివ్. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "టోటల్ ఐజీఏ ఎవరూ చేయించలేదా?" అన్నాడు. టీటీజీ పరీక్ష వెతికే యాంటీబాడీలు ఐజీఏ రకానివి. కొందరికి పుట్టుకతోనే ఆ రకం ఒంట్లో దాదాపు ఉండదు. సీలియాక్ ఉన్న వందమందిలో ఇద్దరు ముగ్గురు అలాంటివాళ్లే. "చెరువులో నీళ్లే లేనప్పుడు వల వేసి, చేపలు లేవంటే ఎలాగమ్మా?"

సాయంత్రానికి ఫలితం వచ్చింది. బుజ్జి ఐజీఏ 7 మిల్లీగ్రాముల లోపే. పెద్దవాళ్లకు మామూలుగా 70కి పైన ఉండాలి.

ఇక కష్టమైన భాగం. రోజుకు రెండు చపాతీల చొప్పున ఆరు వారాలు తిని మళ్లీ పరీక్షకు రమ్మన్నాడు. అక్క చేత్తో పిండి కలిపి, కాల్చి, పెట్టి, పక్క గదిలోకి వెళ్లి కూర్చునేది. నాలుగో రోజుకే పిల్ల కడుపు పట్టుకుంది. "మానేద్దామా?" అని అక్క అడిగినప్పుడల్లా, "ఈసారి తేలిపోనీ అమ్మా" అనేది బుజ్జి.

తేలింది. ఈసారి ఐజీజీ రకంలోనే, కానీ తిండిని కాక ఈ జబ్బును వెతికే డీజీపీ అనే పరీక్ష చేస్తే గట్టి పాజిటివ్. ఎండోస్కోపీలో ఒకచోట కాక ఆరు చోట్ల ముక్కలు తీశారు, ఎందుకంటే ఈ జబ్బు పేగంతా ఒకేలా పాకదు. వాటిలో మూడింట పేగు లోపలి నూగు అణగిపోయి చదునుగా ఉంది. ఐరన్ పీల్చుకునే చోటు కూడా అదే. సీలియాక్ అని అప్పుడు రాశారు.

ఇప్పుడు బుజ్జికి హిమోగ్లోబిన్ 11.4. పప్పు, పెరుగు, గుడ్డు, అరటిపండు అన్నీ తింటోంది. అక్క పోపు డబ్బాలోంచి ఇంగువ కూడా తీసేసింది. బజారు ఇంగువలో చాలావాటికి మైదా కలుస్తుందని డబ్బా వెనక సన్నక్షరాల్లో చదివి, అరగంట ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒకరికి ఉంటే తోడబుట్టినవాళ్లకూ చూడాలన్నాడు డాక్టరు. పోయిన సోమవారం బుజ్జి తమ్ముడు రక్తం ఇచ్చాడు. చీటీ మీద టీటీజీ పక్కనే టోటల్ ఐజీఏ కూడా ఉందో లేదో బావ రెండుసార్లు చూసుకున్నాడు. వాడు ఆ పొద్దున నాలుగు పూరీలు తిని మరీ వెళ్లాడు.