పంటి వేరు కొనకు సిమెంటు: ఒక చారిత్రక పరిశీలన

నేరేడ్‌మెట్‌కు చేరువలో 2001లో ఏర్పడిన ఆర్మీ దంతవైద్య కళాశాల ఉంది. అటువంటి కళాశాలల్లో నేడు పాఠ్యాంశంగా ఉన్న ఎం.టి.ఎ. (మినరల్ ట్రైయాక్సైడ్ అగ్రిగేట్) అనే పదార్థంలో దాదాపు 75 శాతం పోర్ట్‌లాండ్ సిమెంటే. ఇళ్ళు కట్టే సిమెంటు పంటి వేరు దాకా చేరిన క్రమం ఈ వ్యాస విషయం.

రూట్ కెనాల్ చికిత్స విఫలమైనప్పుడు చిగురు తెరిచి, వేరు కొనను కొంత తొలగించి, అక్కడ చిన్న గుంట తొలిచి పూడుస్తారు. పూడికలో సందు మిగిలితే కాలువలోని సూక్ష్మజీవులు ఎముకలోకి చేరతాయి. చాలాకాలం ఇందుకు అమాల్గం వాడారు. తరువాత ఐ.ఆర్.ఎం., సూపర్ ఇ.బి.ఎ. వచ్చాయి. వీటిలోని యూజినాల్ మన లవంగనూనెలో ఉండేదే.

అసలు చిక్కు రక్తం. శస్త్రచికిత్సలో ఆ గుంటను పూర్తిగా పొడిగా ఉంచడం కష్టం. కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో టొరాబినెజాద్ బృందం 1993లో ఎం.టి.ఎ.ను పరిచయం చేసింది. తీసేసిన పళ్ళను రంగునీటిలో ఉంచి, రంగు ఎంత లోపలికి పాకిందో కొలిచారు. 1994లో గుంటలను రక్తంతో తడిపి చూసినా ఎం.టి.ఎ.లోనే రంగు అతితక్కువగా పాకింది. సిమెంటు గట్టిపడటానికి తడి కావాలన్నది గోడకు నీళ్ళు పట్టే తాపీమేస్త్రికి తెలిసిన సంగతే.

అయితే రంగు పాకిన దూరం పన్ను నిలిచే కాలానికి కొలత కాగలదా? రంగు అణువు బాక్టీరియా కన్నా ఎంతో చిన్నది. 2003లో చాంగ్, పిట్ ఫోర్డ్, హడ్సన్ రోగులపై జరిపిన అధ్యయనంలో రెండేళ్ళ తరువాత ఎం.టి.ఎ. 92 శాతం, ఐ.ఆర్.ఎం. 87 శాతం సఫలమయ్యాయి. గణాంకపరంగా ఆ తేడా లెక్కలోకి రాదు. ప్రయోగశాలలో కనిపించిన ఆధిక్యం రోగి నోట్లో అంతగా నిలవలేదన్నమాట. 2007లో జర్నల్ ఆఫ్ ఎండోడాంటిక్స్ సంపాదకవర్గం ఈ కోవ పరీక్షల విలువను బహిరంగంగానే ప్రశ్నించింది.