ఇనుప ఖనిజపు సన్నపొడి: కుద్రేముఖ్ నేర్పే చరిత్ర పాఠం

ఉక్కు పరిశ్రమపై ప్రశ్న రాగానే 1907 టాటా, భిలాయి, రూర్కెలా, దుర్గాపూర్ అని రాసి ఆపేస్తున్నారా? గని దగ్గర మిగిలే సన్నపొడి కథ కూడా చేర్చండి. చరిత్ర, భూగోళం, పర్యావరణం మూడూ అందులో కలుస్తాయి.

ముందు మూల సూత్రం:
బ్లాస్ట్ ఫర్నేస్‌లో వేడిగాలి కింది నుంచి పైకి సాగాలి. పొడి ఖనిజాన్ని నేరుగా వేస్తే ఆ దారులు మూసుకుపోతాయి. అందుకే సుమారు 10 మి.మీ. లోపు పొడికి కోక్ పొడి, సున్నపురాయి కలిపి కాల్చి గడ్డ కట్టిస్తారు. అదే సింటర్. పొడి 0.15 మి.మీ. కన్నా సన్ననిదైతే సింటర్ పొరలోనూ గాలి ఆడదు. దీనికి రెండు మార్గాలున్నాయి: గుండ్రని పెల్లెట్లు చేసి కాల్చడం, లేదా సున్నంతో చిన్న గుళికలుగా చుట్టి సింటర్ మిశ్రమంలో కలపడం. రెండో పద్ధతిని జపాన్‌లోని ఫుకుయామా కర్మాగారం 1988లో పెద్ద ఎత్తున అమలుచేసింది.

ఇక కుద్రేముఖ్:
కర్ణాటక పశ్చిమ కనుమల్లోని ఈ గనిలో దొరికేది తక్కువ శ్రేణి మాగ్నటైట్. మెత్తగా నూరి శుద్ధి చేస్తే తప్ప పనికిరాదు. ఇరాన్ రుణంతో, ఇరాన్ ఉక్కు కోసమే 1976లో సంస్థ ఏర్పడింది. 1979 విప్లవంతో ఆ కొనుగోలుదారు తప్పుకున్నాడు. సుమారు 67 కి.మీ. గొట్టం గుండా మంగళూరుకు చేరే సన్నపొడికి కొత్త దారి వెతకాల్సి వచ్చింది. 1987లో అక్కడ పెల్లెట్ ప్లాంటు వెలిసింది.

కానీ ఆ కొండలు భద్రా నది పుట్టిన చోటు. ఆ నీరే తుంగభద్రగా మన రాయలసీమకు చేరుతుంది. సుప్రీంకోర్టు 2002లో ఇచ్చిన ఆదేశం మేరకు 2005 చివరికి తవ్వకం ఆగిపోయింది.

జవాబులో ఏం రాయాలి?
• ఒక కాలపు వ్యర్థం మరో కాలానికి ముడిసరుకు. ఆ మార్పు తెచ్చేది సాంకేతికత.
• ఒకే దేశపు కొనుగోలును నమ్ముకున్న ప్రాజెక్టును ఆ దేశ రాజకీయాలే కుదిపేయగలవు.
• గనుల వద్ద చెరువుల్లో నిలిచిన బురదలోని ఖనిజాన్ని వాడుకుంటే కొత్త తవ్వకంపై ఒత్తిడి తగ్గుతుంది. అయితే శుద్ధికి నీరు, నూరడానికి కరెంటు కావాలి. ఈ ఖర్చును దాచకుండా రాసిన జవాబే సమతూకంగా ఉంటుంది.

సాధన ప్రశ్న: "ఖనిజ పరిరక్షణకు కొత్త గనుల కన్నా పాత వ్యర్థాలే ముఖ్యం." కుద్రేముఖ్ అనుభవం ఆధారంగా 150 పదాల్లో చర్చించండి.