హిజ్లీ కాల్పులు, విచారణ (1931)

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పక్కన ఉన్న హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16 రాత్రి కావలి సిపాయిలు నిరాయుధులైన రాజకీయ ఖైదీల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు చనిపోయారు. పలువురు గాయపడ్డారు. వలస ప్రభుత్వం తానే నియమించిన విచారణ సంఘం ఈ కాల్పులకు సమర్థన లేదని తేల్చింది. భారతదేశంలో సాయుధ బలగాల చేతిలో జరిగిన మరణాల విచారణ చరిత్రలో హిజ్లీకి చోటు దక్కింది ఆ నిర్ధారణ వల్లనే. కాల్చినవాళ్లు సైనికులు కారు, ప్రభుత్వం పెట్టిన సాయుధ కావలివాళ్లు. అయినా రాజ్యం చేతిలోని తుపాకీ పేలి మనిషి పోయినప్పుడు ఎవరు, ఎలా విచారించాలన్న ప్రశ్న ఇద్దరి విషయంలోనూ ఒకటే.

ఊరు, శిబిరం

విశాఖపట్నం, భువనేశ్వర్ మీదుగా హౌరా వెళ్లే రైళ్లు ఖరగ్‌పూర్ చేరే ముందు హిజ్లీ స్టేషన్ దాటుతాయి. బెంగాల్-నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) వర్క్‌షాపు వల్ల పెరిగిన ఊరు ఖరగ్‌పూర్. ఆ పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. 1927లో ఈ రైల్వేలో జరిగిన పెద్ద సమ్మె వెనుక ఉన్న కార్మిక సంఘం నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. కాల్పుల నాటికే ఇది సమ్మెలూ పోలీసు బందోబస్తులూ ఎరిగిన ఊరు.

హిజ్లీ పేరుతో కొత్త జిల్లా ఏర్పాటు చేయాలనుకుని ప్రభుత్వం ముందుగా ఒక పెద్ద భవనం కట్టించింది. జిల్లా రాలేదు, భవనం ఖాళీగా మిగిలింది. 1930లో శాసనోల్లంఘన ఉద్యమం ఒకవైపు, చిట్టగాంగ్ ఆయుధాగార దాడి తర్వాతి అరెస్టులు మరోవైపు బెంగాల్ జైళ్లను నింపేశాయి. అప్పుడు ఈ భవనాన్ని నిర్బంధ శిబిరంగా మార్చారు. లోపల ఉన్నవాళ్లలో ఎక్కువమంది డెటెన్యూలు. వాళ్ల మీద కేసు లేదు, కోర్టు లేదు, శిక్షాకాలమంటూ లేదు. బెంగాల్ ప్రత్యేక చట్టాల కింద అనుమానం ఉంటే చాలు, ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు.

1931లో హిజ్లీ ఉన్న మిడ్నాపూర్ జిల్లాలో ఉద్రిక్తత తారస్థాయిలో ఉంది. ఏప్రిల్‌లో జిల్లా మేజిస్ట్రేట్ జేమ్స్ పెడ్డీని విప్లవకారులు కాల్చి చంపారు. జూలైలో, విప్లవకారుడు దినేశ్ గుప్తాకు ఉరిశిక్ష వేసిన జడ్జి గార్లిక్‌ను కలకత్తాలోని అలీపూర్ కోర్టులోనే కాల్చేశారు. ఆ వార్త విని హిజ్లీలో డెటెన్యూలు సంబరాలు చేసుకున్నారన్న కోపం అధికారుల్లో ఉండేది. కావలివాళ్లకూ ఖైదీలకూ మధ్య చిన్నాచితకా తగాదాలు నడుస్తూనే ఉన్నాయి.

కాల్పులు

సెప్టెంబరు 16 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో అలారం మోగింది. సిపాయిలు భవనం మీదికి తుపాకులు పేల్చారు, కొందరు లోపలికీ చొరబడ్డారు. ఖైదీలే కావలివాళ్ల మీద పడ్డారని, ఆత్మరక్షణ కోసమే కాల్చాల్సి వచ్చిందని ప్రభుత్వం మొదట చెప్పింది. ఇలాంటి ప్రతి ఘటనలోనూ మొదటి ప్రకటన దాదాపు ఇదే మాటలతో వస్తుందని తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

సుభాష్ చంద్రబోస్, మరికొందరు కాంగ్రెస్ నాయకులు హిజ్లీ వెళ్లి మృతదేహాలను తీసుకొచ్చారు. కలకత్తాలో పెద్ద ఊరేగింపు జరిగింది. సెప్టెంబరు 26న టౌన్‌హాల్‌లో సంతాప సభ పెడితే జనం పట్టలేదు. సభను మైదానంలోని ఆక్టర్‌లోనీ స్తంభం దగ్గరికి మార్చారు. డెబ్బయ్యేళ్ల రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చి మాట్లాడారు. రాజకీయ సభలకు దూరంగా ఉండే కవి ఆ వయసులో రావడం కూడా ప్రభుత్వం మీద ఒత్తిడిని పెంచింది.

విచారణ

బెంగాల్ ప్రభుత్వం ఇద్దరితో సంఘం వేసింది. ఒకరు హైకోర్టు జడ్జి ఎస్.సి. మల్లిక్, మరొకరు ఐ.సి.ఎస్. అధికారి జె.జి. డ్రమ్మండ్. ఇద్దరూ ప్రభుత్వ వ్యవస్థలోని మనుషులే కాబట్టి నివేదిక సర్కారుకు అనుకూలంగా వస్తుందని ఎవరైనా అనుకుంటారు. అలా రాలేదు. సుమారు 29 రౌండ్లు కాల్చినట్టు సంఘం లెక్కతేల్చింది. భవనం మీదికి విచక్షణ లేకుండా కాల్చడానికి ఏ సమర్థనా లేదంది. సిపాయిలు లోపలికి దూరి మరికొందరిని గాయపరచడానికీ సమర్థన లేదంది.

ఈ 29 అన్న అంకె దగ్గర కాస్త ఆగాలి. తూటాలను ఎంచి ఇస్తారు, ఎంచి తీసుకుంటారు. ఎన్ని వెళ్లాయి, ఎన్ని మిగిలాయి అన్నది సాక్షుల మాట మీద ఆధారపడని సాక్ష్యం. ఆత్మరక్షణ వాదన నిలవాలంటే దాడి చేసినవాళ్ల మీద కాల్చి ఉండాలి. గోడల మీదికీ కిటికీల మీదికీ కాల్చిన తుపాకీ ఆ వాదనను తనే బలహీనపరుస్తుంది. పుష్కరం ముందు జలియన్‌వాలా బాగ్ విషయంలోనూ 1,650 రౌండ్లన్న లెక్క అధికారుల నుంచే బయటికి వచ్చింది. మృతుల సంఖ్య మీద ఈనాటికీ వాదం ఉంది (అధికారిక లెక్క 379), తూటాల సంఖ్య మీద లేదు.

జలియన్‌వాలా బాగ్‌తో పోలిస్తే ఒక తేడా కూడా కనిపిస్తుంది. 1919లో హంటర్ కమిటీ సాక్ష్యాలు వినడం మొదలుపెట్టకముందే అధికారులకు రక్షణ కల్పించే ఇండెమ్నిటీ చట్టం వచ్చేసింది. ప్రభుత్వ కమిటీని నమ్మక కాంగ్రెస్ గాంధీ, సి.ఆర్. దాస్, అబ్బాస్ త్యాబ్జీ, ఎం.ఆర్. జయకర్‌లతో సొంత విచారణ జరిపించుకుంది. హిజ్లీలో మాత్రం ప్రభుత్వ సంఘమే ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. అయితే విచారణ సంఘం కోర్టు కాదు. జరిగింది చెప్పడం వరకే దాని పని, శిక్షించే అధికారం దానికి లేదు.

తర్వాత

నివేదికతో కోపం చల్లారలేదు. 1932 ఏప్రిల్ 30న మిడ్నాపూర్ కొత్త మేజిస్ట్రేట్ రాబర్ట్ డగ్లస్‌ను కాల్చి చంపారు. పట్టుబడిన ప్రద్యోత్ కుమార్ భట్టాచార్య జేబులో దొరికిన కాగితంలో హిజ్లీ ప్రస్తావన ఉందని చెబుతారు. 1933 జనవరిలో ఆయన్ను ఉరితీశారు. ఆ ఏడాది సెప్టెంబరులో మూడో మేజిస్ట్రేట్ బర్జ్ కూడా హతుడయ్యాడు.

శిబిరాన్ని 1937లో మూసి, 1940లో మళ్లీ తెరిచి, 1942లో పూర్తిగా మూసేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళం ఆ భవనాన్ని వాడుకుంది. 1951లో అక్కడే దేశంలో మొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైంది. కలకత్తాలోని ఒక చౌకుకు సంతోష్ మిత్రా పేరు పెట్టారు. ఇవాళ దాన్ని దుర్గాపూజ మండపంతోనే ఎక్కువమంది గుర్తుపడతారు.

స్వతంత్ర భారతంలో ఇలాంటి విచారణలు సైన్యం దాకా వెళ్లినప్పుడు తేలినవి కొద్ది. 1948లో హైదరాబాదు మీద సైనిక చర్య తర్వాత జరిగిన హత్యల సంగతి తెలుసుకోవడానికి నెహ్రూ పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులను పంపారు. చనిపోయినవారు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని వాళ్లు అంచనా కట్టారు. ఎక్కువ నష్టం జరిగింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు, దశాబ్దాల పాటు అది జనం కంటపడలేదు. హిజ్లీ నివేదిక మాటలు నెలల్లోనే పత్రికలకెక్కాయి. పరాయి పాలకుల నివేదిక బయటపడి, మన ప్రభుత్వానికి అందిన నివేదిక బీరువాలో ఉండిపోవడం మింగుడుపడని విషయమే.

మణిపూర్‌లో బలగాల చేతిలో జరిగాయన్న 1,528 మరణాలపై దాఖలైన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 2013లో జస్టిస్ సంతోష్ హెగ్డే కమిషన్ వేసింది. నమూనాగా తీసుకున్న ఆరు కేసుల్లో ఒక్కటీ నిజమైన ఎన్‌కౌంటర్ కాదని ఆ కమిషన్ చెప్పింది. సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం ఉన్నచోట కూడా విచారణ నుంచి పూర్తి మినహాయింపు లేదని 2016 జూలైలో కోర్టు స్పష్టం చేసింది. మరుసటి ఏడాది సి.బి.ఐ. దర్యాప్తుకు ఆదేశించింది.

ఆ చట్టం ఉన్నచోట దర్యాప్తు పూర్తయినా కేసు నడవాలంటే కేంద్రం అనుమతి కావాలి. నాగాలాండ్‌లోని ఓటింగ్‌లో 2021 డిసెంబరు 4న సైనికులు ఆరుగురు బొగ్గుగని కూలీలను కాల్చేశారు. అక్కడ మొదలైన అల్లర్లలో మరికొందరు పోయారు. రాష్ట్ర పోలీసులు ముప్పైమంది సైనికుల మీద అభియోగపత్రం వేశారు. 2023లో కేంద్రం అనుమతి నిరాకరించింది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసులను మూసేసింది. అనుమతి ఎప్పుడైనా వస్తే తిరిగి నడపవచ్చని మాత్రం ఉత్తర్వులో రాసింది.