ఉలవలూ, ఓర్పూ

ఉలవచారు కాచిన రోజున మా అమ్మమ్మ ఒక మాట అనకుండా ఉండేది కాదు: "గుర్రం నోటి దగ్గరది లాక్కుని తింటున్నామర్రా!" ఆవిడ కాపురం ఏలూరులో. వాళ్ళ వీధి చివర జట్కాల వాళ్ళుండేవారు. ఉడికిన ఉలవ గుగ్గిళ్ళు గుర్రానికి, వార్చిన కట్టు మనకి. మీగడ వేసుకుని లొట్టలు వేస్తూ తినేటప్పుడు అసలు హక్కుదారు ఎవరికి గుర్తొస్తాడు చెప్పండి?

నిజానికి మా కొల్లేటి వైపు నేలకీ గుర్రానికీ పెద్ద చుట్టరికం లేదు. అడుగు వేస్తే గిట్ట దిగబడుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తాడేపల్లిగూడెం మీదుగా వచ్చిన గోదావరి కాలవా, బెజవాడ నుంచి వచ్చిన కృష్ణా కాలవా ఏలూరులో కలుసుకున్నాయి. దూరాభారమంతా పడవలు మోశాయి. గుర్రానికి మిగిలింది స్టేషనుకీ ఇంటికీ మధ్య దారే.

దక్షిణాదికి మేలుజాతి గుర్రాలు అరబ్బు ఓడల్లో దిగేవి. పదమూడో శతాబ్దం చివర మార్కోపోలో ఈ తీరాలకి వచ్చాడు. పాండ్య దేశపు రాజులు ఏటా వేలల్లో గుర్రాలు కొంటారనీ, ఏడాది తిరిగేసరికి నూరు కూడా మిగలవనీ రాశాడు. కారణం వింటే మనసు చివుక్కుమంటుంది. గుర్రాలకి అన్నమూ మాంసమూ కలిపి వండి పెట్టేవారట! లాడాలు కొట్టి, రోగం చూసే మనిషిని వర్తకులు రానిచ్చేవారు కాదట. గుర్రం చస్తేనే కదా మళ్ళీ బేరం!

ఆ తెలివి మనకి బొత్తిగా లేదనుకోకండి. విజయనగర కాలంలో మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము' అని తెలుగులో గ్రంథమే రాశాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే భారతంలో నలుడున్నాడు. ఒక్క రోజులో విదర్భ చేరాలంటే, నిగనిగలాడేవి వదిలేసి బక్కచిక్కిన గుర్రాలని ఎంచాడు. ఋతుపర్ణుడు ముఖం చిట్లించాడు కూడా. చూపుకి వేరు, దూరానికి వేరు అని నలుడికి తెలుసు.

అమెరికాలో 1955 నుంచి టెవిస్ కప్పు అని ఒక పందెం ఉంది. కొండదారుల్లో నూరు మైళ్ళు, 24 గంటల్లో. మధ్యమధ్య పశువైద్యులు ఆపి గుండె ఎలా కొట్టుకుంటోందో, నడకలో కుంటు ఉందేమో చూస్తారు. తేడా ఉంటే ప్రయాణం అక్కడితో సరి. మొదటి పదింటిలో ఆరోగ్యంగా చేరిన గుర్రానికి 1964 నుంచి వేరే బహుమతి పెట్టారు.

అలాంటి గుర్రం పుట్టదు, తయారవుతుంది. ముందు చేతి స్పర్శ అలవాటు చేయాలి. తర్వాత పక్కన నడిపించాలి. ఆపైన కళ్ళెం, ఖాళీ జీను, ఆ తర్వాతే కాసేపు మనిషి బరువు. ఇక నెలల తరబడి నింపాది నడక. చిక్కెక్కడంటే, ఆయాసం కొన్ని నెలల్లోనే తగ్గుతుంది, కండ పడుతుంది. కాలి నరాలూ ఎముకలూ గట్టిపడటానికి ఏడాదికి పైనే కావాలి. వెన్నెముక పూర్తిగా ముదరడానికి అయిదారేళ్ళ వయసు రావాలి. హుషారుగా ఉంది కదా అని తొందరపడి దౌడు తీయించారో, జన్మకి కుంటిదే. మూడేళ్ళ పసివాడి వీపుకి పుస్తకాల సంచీ తగిలించే మనకి ఈ లెక్క కొత్తగానే ఉంటుంది.

అమ్మమ్మ వీధిలో జట్కా సాయిబు ఒకసారి గుర్రప్పిల్లని కొన్నాడట. ఏడాది పైగా దాన్ని ముసలి గుర్రం పక్కన ఊరికే నడిపించాడు తప్ప బండికి కట్టలేదు. అమ్మమ్మ ఉండబట్టలేక అడిగింది:

"దాణా దండగ కదా సాయిబూ, ఎప్పుడు కడతావు?"

"ఎప్పుడో అదే చెబుతుందమ్మగారూ!"

అమ్మ పెళ్ళికి మగపెళ్ళివారిని స్టేషను నుంచి తెచ్చింది ఆ గుర్రమే. మా అక్క పురిటికి అమ్మ పుట్టింటికి వచ్చిందీ దాని బండిలోనే. నా పురిటికి వచ్చినప్పుడు కూడా స్టేషను బయట అదే ఎదురుచూస్తోందట.